హెయాన్ కటాతోనే వెళ్ళనివ్వమ్మా

అమ్మా,

మీ గాజువాక కరాటే క్లాసు నుంచి ఎనిమిది మంది పిల్లల్ని మొదటిసారి జూనియర్ కటా (ఎదురుగా మనిషి ఉన్నట్టే అనుకుని వరసగా చేసే కదలికలు) పోటీలకి తీసుకెళ్తున్నానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పుడు నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ సంతోషంలో చెప్పాల్సినవి సగం మర్చిపోయాను. అందుకే ఈ ఉత్తరం. చేతిలో మూడు నెలలున్నాయన్నావు. అది చాలు. కాకపోతే ఆ మూడు నెలలూ దేనికి పెడతావన్నదే అసలు సంగతి.

ముందు నువ్వడిగిన దానికి జవాబు. "హెయాన్ కటాలతో వెళ్తే మరీ చిన్నపిల్లల్లా కనిపిస్తారేమో మాస్టారూ, బస్సాయ్ దాయ్ నేర్పేద్దామా" అన్నావు. వద్దమ్మా. బస్సాయ్ దాయ్ పై బెల్టుల కటా. మూడు నెలల్లో పిల్లలకి దాని వరస వస్తుంది గానీ కటా రాదు. హెయాన్ కటాలు మొదట్లో నేర్పేవే అయినా చిన్నవేమీ కావు. జపాన్‌లోని ఒకినావాలో కరాటే గురువు ఇతోసు అంకో గారు 1900ల మొదట్లో స్కూలు పిల్లలకి నేర్పడం కోసమే ఆ అయిదింటినీ కూర్చారు. అప్పుడు వాటి పేరు పినాన్. తర్వాత ఆయన శిష్యుడు ఫునాకోషి గారు హెయాన్ అని మార్చారు. పిల్లల ఒంటికి తగినట్టు తయారైన కటాని పిల్లలు చేస్తే అందులో తక్కువతనం ఏముంది?

నేను చేసిన తప్పు నీకు ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు క్లాసులో చేరకముందు పదమూడేళ్ళ కుర్రాడొకడు ఉండేవాడు. గాల్లోకి లేచాడంటే చూస్తూ ఉండిపోవాలనిపించేది. వాడికి ఉన్సు అనే చాలా కష్టమైన కటా ఇచ్చాను. దాని చివర్లో గాల్లో ఒక చుట్టు తిరిగి, నేల మీద చేతులాన్చి దిగే జంప్ ఉంటుంది కదా, ఆ ఒక్కదాని మీదే రెండు నెలలు పెట్టాం. పోటీలో జంప్ బాగానే చేశాడు. కానీ ఆ కటా మొదట్లో పిల్లిలా ముందుకాలు తేలిగ్గా ఆన్చి నిలబడే స్టాన్స్‌లోనే ఊగిపోయాడు. అవతలి పిల్లాడు హెయాన్‌లలో అయిదోదైన గోదాన్ చేసి గెలిచాడు. ఓడిపోవడం నన్నంత బాధపెట్టలేదు. ఆ జంప్‌ల వల్ల మోకాలు వాచి వాడు ఆరు నెలలు క్లాసుకి రాలేకపోయాడు. నా ఆత్రం వాడి మోకాలి మీద పడింది. అప్పటి నుంచి పిల్లల్ని వాళ్ళ చేతిలో ఉన్న కటాతోనే పంపుతున్నాను.

ఒక్కొక్కరికి రెండు కటాలు చాలు. ఒకటి బాగా వచ్చినది, ఇంకొకటి తర్వాతి రౌండ్ కోసం. కొన్ని పోటీల్లో అదే కటా మళ్ళీ చేయనిస్తారు, కొన్నింటిలో చేయనివ్వరు. ఎవరు గెలిచారో చెప్పడానికి జడ్జీలు కొన్నిచోట్ల జెండాలెత్తుతారు, కొన్నిచోట్ల పాయింట్లేస్తారు. ఆ రూల్స్ కాగితం ఇప్పుడే తెప్పించుకుని చదువు.

ఇక ప్రాక్టీసు. మీ డాబా మీద ఎనిమిది మీటర్లకి ఎనిమిది మీటర్ల చోటు కొలిచి గీయి. పోటీ మ్యాట్ అంతే ఉంటుంది. అందులో ముగ్గుపిండితో మొదటి హెయాన్ అయిన షోదాన్ నడిచే గీత వెయ్యి, ఇంగ్లీషు పెద్ద ఐ (I) అక్షరంలా. పిల్ల నిలబడిన చోట కాళ్ళ చుట్టూ కూడా పిండితో గుర్తు పెట్టు. ఇరవయ్యొక్క కదలికలూ అయ్యాక ఆ గుర్తులోనే కాళ్ళుండాలి. లేకపోతే ఎటు తప్పిందో చూడు, కారణం నీకే తెలిసిపోతుంది. మొదలుపెట్టిన చోటు కంటే ముందుకొచ్చి ఆగిందా? ముందుకెళ్తూ మూడు పై బ్లాకులు వేసిన అడుగులు పెద్దవి, తిరిగొస్తూ మూడు పంచ్‌లు వేసిన అడుగులు చిన్నవి అన్నమాట. అంటే మధ్యలో అలిసిపోతోంది. వెనక్కి వెళ్ళి ఆగిందా? రెండో కియాయ్ (దెబ్బతో పాటు వేసే గట్టి అరుపు) దగ్గర హుషారెక్కి కాలు చాచేస్తోంది. నువ్వు అరవక్కర్లేదు. పిల్లే కిందకి చూసుకుని నాలిక్కరుచుకుంటుంది. పదేళ్ళ పిల్లకి "నీ స్టాన్స్ పొడవు సమానంగా లేదు" అని వందసార్లు చెప్పడం కంటే పిండిలో తన కాలిముద్ర చూపిస్తే ఎక్కువ.

తల ఎత్తు విషయం కూడా ఇలాగే. అడుగు వేసేటప్పుడు పిల్లలు లేచి మళ్ళీ కూర్చుంటారు, అలల మీద తెప్పలా. ఇద్దరి చేత ఒక దారం పట్టించి, మోకాలు వంచి నిలబడినప్పుడు తల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో దాని కింద నుంచి నడిపించు. దారం నెత్తికి తగిలిందంటే లేచినట్టే. రోజూ పది నిమిషాలు, అంతకంటే వద్దు. తొడలు మండిపోతాయి.

వెనక కాలి మీద బరువేసే కొకుత్సు స్టాన్స్ దగ్గరే చాలామంది పిల్లలు దొరికిపోతారు. బరువు పదింట ఏడు వంతులు వెనక ఉండాలి. పిల్లలు ముందుకి తూలతారు, వెనక మోకాలు లోపలికి పడిపోతుంది. గోడకి వీపానించి, వెనక మోకాలు గోడ వెంట ఉండేలా నిలబెట్టు. హెయాన్ షోదాన్ చివరి నాలుగు కదలికలూ కొకుత్సులోనే. జడ్జి మనసులో ఆఖరున మిగిలేవి అవే.

నువ్వు పసుపు బెల్ట్‌లో ఉన్నప్పటి ఒక సాయంత్రం నీకు గుర్తుందో లేదో. హెయాన్ షోదాన్‌లో నాలుగో కదలిక, చెయ్యి వెనక్కి లాగి గుండ్రంగా తిప్పి పిడికిలి కిందకి దించేది, నువ్వు ఈగని తోలినట్టు చేసేదానివి. నేను వచ్చి నీ మణికట్టు గట్టిగా పట్టుకుని "విడిపించుకో" అన్నాను. లాగావు, రాలేదు. ఒంటినంతా వెనక్కి తెచ్చి లాగితే వచ్చింది. "ఇప్పుడు పట్టుకున్న చేతిని కొట్టు" అన్నాను. ఆ పిడికిలి నా ముంజేతి మీద పడ్డ చోట రెండ్రోజులు కమిలి ఉంది. మర్నాటి నుంచి ఆ కదలికలో నీ కళ్ళే మారిపోయాయి. నీ పిల్లలకి కూడా ప్రతి కదలికా ఇలా పట్టుకుని చూపించు. ఎదురుగా మనిషి ఉన్నాడని తెలిసిన పిల్ల చేసే కటా వేరుగా ఉంటుంది. కుర్చీల్లో కూర్చున్న జడ్జీలు దాన్ని మొదటి మూడు కదలికల్లోనే పట్టేస్తారు. తిరిగే ముందు ముఖం తిరగాలి, ముఖం కంటే ముందు చూపు తిరగాలి అని నేను అస్తమానం అన్నది అందుకే.

స్పీడ్ చివరి నెలలో చూసుకో. అప్పటిదాకా నెమ్మదిగానే చేయించు. పూర్తి బలంతో రోజుకి అయిదారుసార్లు మించొద్దు. మన వైజాగ్ ఉక్కపోతలో మందపాటి డ్రెస్‌తో అంతకంటే చేయిస్తే పిల్లలు వాడిపోతారు, వాడిపోయి చేసిన కటా తప్పుల్నే అలవాటు చేస్తుంది. పొద్దున్న ఆరింటికే మొదలుపెట్టు. బీచ్ ఇసకలో పరిగెత్తించు, బాగుంటుంది. కటా మాత్రం ఇసకలో వద్దు, కాలు కూరుకుపోయి మలుపులు పాడవుతాయి. సిమెంటు నేల మీదే నేర్చుకున్న పిల్లలకి మ్యాట్ మీద పాదం తిరగదు. చివరి నెలైనా ఎక్కడో ఒకచోట మ్యాట్లు అడిగి తీసుకో.

బెల్ట్ కట్టుకోవడం వాళ్ళ చేతే చేయించు, అమ్మల చేత కాదు. కటా మధ్యలో బెల్ట్ ఊడి పడితే డిస్‌క్వాలిఫై చేస్తారు. పేరు తప్పు చెప్పినా అంతే. రెండోదైన హెయాన్ నిదాన్ చేయబోయి నోట మూడోదైన సాందాన్ పేరు అనేసిన పిల్లల్ని చూశాను. రోజూ లోపలికి రావడం, నమస్కారం, పేరు గట్టిగా చెప్పడం, బయటికి వెళ్ళడం, ఇదంతా కటాలో భాగంగానే చేయించు. చప్పుడు కోసం ఛాతీ మీద, డ్రెస్ మీద చరుచుకోవడం ఇప్పుడే మాన్పించు. అది తప్పు కిందే లెక్క.

టీమ్ కటాకి ముగ్గురమ్మాయిల్ని అనుకుంటున్నానన్నావు. ముగ్గురిలో బాగా చేసేదాన్ని కాదు, ఊపిరి నిదానంగా ఉన్నదాన్ని ముందు నిలబెట్టు. నోటితోనో కాలితోనో సైగ చేసుకోకూడదు కాబట్టి కళ్ళు మూసుకుని కలిసి చేయడం అలవాటు చెయ్యి. పక్కవాళ్ళ బట్టల చప్పుడు వినడం నేర్చుకుంటారు.

పోటీ రోజు ఎనిమిదింటికి రమ్మంటారు, పిలుపు మధ్యాహ్నం మూడింటికి రావచ్చు. ఇడ్లీలు, అరటిపళ్ళు, నీళ్ళు ఉంచు. బిర్యానీ పొట్లాలు పోటీ అయ్యాకే. పిలుపుకి ఇరవై నిమిషాల ముందు ఒళ్ళు వేడెక్కించు. ఆ టైములో కొత్తగా ఏ తప్పూ దిద్దకు. నీ టెన్షన్ వాళ్ళకి అంటుకుంటుంది.

తల్లిదండ్రులతో వారం ముందే మాట్లాడు. ఓడిన పిల్లకి ఆ రోజు ఎవరూ వీడియో చూపించి తప్పులు చెప్పొద్దని గట్టిగా చెప్పు. ఏ తండ్రైనా "ఇంకెప్పుడు గెలుస్తుంది" అంటే టోక్యో ఒలింపిక్స్ సంగతి చెప్పు. 2021లో అక్కడ మహిళల కటా స్వర్ణం గెలిచిన శాండ్రా సాంచెజ్‌కి అప్పటికి 39 ఏళ్ళు. నీ పిల్లలకి పదీ పన్నెండూ.

వచ్చే ఆదివారం పొద్దున్నే ద్వారకా బస్ స్టేషన్‌లో బస్సెక్కి వస్తాను. ముగ్గు వేసి ఉంచు. ఆ అందరికంటే చిన్నపిల్ల ఉంది చూడు, కియాయ్ ఇవ్వడానికి సిగ్గుపడుతుందన్నావే, దాన్ని నా పక్కన నిలబెట్టు. ముందు ఇద్దరం కలిసి అరుస్తాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు