కాకినాడ చరిత్ర కోరంగిలో మొదలవుతుంది

“విశాఖలా పెద్దదీ కాదు, రాజమహేంద్రవరంలా పాతదీ కాదు. కాజా తప్ప కాకినాడకు సొంత చరిత్ర ఏముంది?” అని అడిగారు. నేను కాకినాడలోని జగన్నాథపురంలో పుట్టి పెరిగాను. మా నాన్నగారు ముప్పై ఏళ్ళ పైచిలుకు రేవులో టాలీ గుమాస్తాగా పనిచేశారు. బార్జీల్లోకి, అంటే సరుకు మోసే పెద్ద పడవల్లోకి, ఎక్కే బియ్యం బస్తాలను లెక్కపెట్టి రాసుకోవడం ఆయన ఉద్యోగం. అందుకే మీ ప్రశ్నకు రేవు వైపు నుంచి జవాబు చెబుతాను.

చిన్నప్పుడు నాకు తెలిసిన ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు. దూరంగా సముద్రంలో లంగరు వేసుకుని రోజుల తరబడి నిలబడేది. రాత్రి డాబా ఎక్కితే తూర్పున నీటి మీద దీపాల వరుస కనిపించేది, అక్కడ ఇంకో పేట ఉన్నట్టు. “ఇవాళ ఏడు ఓడలున్నాయి” అని నాన్నగారు వాటిని చూసి చెప్పేవారు. ఉప్పుటేరులోంచి బార్జీలు బస్తాలు మోసుకుని వెళితే, ఓడ మీది క్రేన్లు వాటిని పైకి లాగుతాయి. 1990ల చివర్లో డీప్ వాటర్ పోర్టు వచ్చాక ఓడలు గట్టునే ఆగుతున్నాయి. అయినా లంగరు రేవు మూతపడలేదు. ఆఫ్రికా దేశాలకు వెళ్ళే బియ్యంలో పెద్ద వాటా ఇప్పటికీ కాకినాడ నుంచే వెళుతుంది.

బంగాళాఖాతంలో బార్జీలు అంత నిశ్చింతగా తిరగడానికి కారణం హోప్ ఐలాండ్. ఊరికి ఎదురుగా సుమారు 16 కిలోమీటర్ల పొడవున పడుకుని ఉన్న ఇసుక తిన్నె అది. గౌతమీ పాయ తెచ్చి పోసిన ఇసుకను సముద్రం ఉత్తరానికి తోస్తూ పోతే, గత రెండు వందల ఏళ్ళలో ఆ తిన్నె ఏర్పడింది. అలల దెబ్బ అది కాస్తుంది, లోపలి నీళ్ళు చెరువులా ఉంటాయి. కాకినాడకు కోటలు లేవు, రాజుల రాజధాని కాదు. ఈ ఊరిని నిలబెట్టింది గోదావరి ఇసుకే.

ఆ ఇసుకే ఇంకో ఊరిని ముంచింది. మీరు అడిగిన చరిత్ర అక్కడే ఉంది. దక్షిణాన పది మైళ్ళ దూరంలో ఉన్న కోరంగి ఒకప్పుడు ఈ తీరంలో పేరున్న రేవు. ఓడలు కట్టేవారు, పాడైన వాటిని బాగుచేసేవారు. 1789లో ఒక ఉప్పెన ఆ ఊరిని ఊడ్చేసింది. ‘సైక్లోన్’ అనే ఇంగ్లీషు మాటను పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ ఆ ఉప్పెన గురించి రాశాడు. మళ్ళీ 1839 నవంబరులో ఇంకొకటి వచ్చింది. తుపాను తరువాతైనా ఊరు లేచి నిలబడవచ్చు. కానీ నదీముఖం ఇసుకతో పూడుకుపోతూ ఉంటే రేవు బతకదు. వ్యాపారం మెల్లగా కాకినాడకు తరలింది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాలువల మీద పడవల్లో సరుకు నేరుగా కాకినాడకు రావడం మొదలైంది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయింది, ఇక్కడి పత్తికి గిరాకీ పెరిగింది. 1866కు కాకినాడ మునిసిపాలిటీ అయింది.

కోరంగి పోయినా పేరు పోలేదు. బర్మాలో తెలుగువాళ్ళను ‘కోరంగీలు’ అనే పిలిచేవారు. మా వాళ్ళకు రంగూను అంటే ‘రంగం’. “రంగం వెళ్ళాడు” అంటే పొట్టకూటికి సముద్రం దాటాడని అర్థం. మా నాన్నమ్మ తండ్రి అలా వెళ్ళి రంగూను రేవులో మూటలు మోశాడు. 1930 మే నెలలో అక్కడ తెలుగు కూలీల సమ్మె తరువాత చెలరేగిన అల్లర్లలో చాలామంది మనవాళ్ళు చనిపోయారు. ఆయన బతికి అక్కడే ఉండిపోయాడు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు వేల మందితో కలిసి అడవుల గుండా నడిచి తిరిగి వచ్చాడు. ఆ నడక గురించి ఎవరు అడిగినా నోరు విప్పేవాడు కాదట.

అంతకు రెండేళ్ళ ముందు ఆయన ఓడలో పంపిన టేకు పెట్టె మా ఇంట్లో ఉంది. మేకు లేకుండా పళ్ళు పళ్ళుగా బిగించిన మూలలు ఇప్పటికీ కదలలేదు. మూత లోపల అంటించిన కాగితాన్ని పురుగు తినేసింది. ఇంగ్లీషు అక్షరాల్లో ‘కోకనాడ’ అన్న ఒక్క మాట మిగిలింది. తెల్లవాళ్ళు ఊరిని అలాగే రాసేవారు. రైల్వేవారు ఆ మాటను నేటికీ వదల్లేదు. కాకినాడ టౌన్ స్టేషన్ కోడ్ సీసీటీ, అంటే కోకనాడ టౌన్.

1923 డిసెంబరులో ఇక్కడ కాంగ్రెస్ మహాసభ జరిగింది. మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షుడు. ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర నిలబడిన పద్నాలుగేళ్ళ దుర్గాబాయి, టికెట్టు లేదని నెహ్రూను లోపలికి పోనివ్వలేదు. ఆమే తరువాతి దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఈ ఒక్క సంగతి చాలు, నాకు ఊరి మీద గర్వం కలగడానికి. ఇక డచ్చివారు జగన్నాథపురంలో ఉండి 1825లో ఆంగ్లేయులకు అప్పగించి వెళ్ళడం, కెనడా మిషనరీల మెక్‌లారిన్ హైస్కూలు, పిఠాపురం రాజావారి కళాశాల, ఇవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. కాజా సంగతి కూడా చెప్పాలి. కాకినాడది గొట్టం కాజా, తాపేశ్వరానిది మడత కాజా. ఆ రెండింటినీ కలిపేయకండి, ఇక్కడ ఎవరూ ఒప్పుకోరు.

హోప్ ఐలాండ్ నీడ అందరికీ అందదు. ఊరు దాటి ఉత్తరాన ఉప్పాడ వైపు వెళితే తీరానికి ఆ అడ్డు ఉండదు. అక్కడ సముద్రం ఇళ్ళనూ రోడ్డునూ ఏటా కొరుకుతూనే ఉంది. మా అమ్మకు ఉప్పాడలో చీరలు నేసే ఇల్లు ఒకటి తెలుసు. ఆ ఇల్లు ఇప్పటికి రెండు చోట్లకు మారింది. వారు నేసిన జాంధానీ చీరలను అమ్మ ఆ రంగం పెట్టెలోనే దాచుకుంటుంది.

ఒక రోజు తీరిక చేసుకుని రండి. పొద్దున్నే జగన్నాథపురం వంతెన మీద నిలబడితే ఉప్పుటేరులో బార్జీలు, ఏటిమొగ వైపు పడవలు కనిపిస్తాయి. అక్కడి నుంచి యానాం బస్సు ఎక్కి కోరంగిలో దిగండి. మడ అడవిలో చెక్క వంతెన మీద నడవవచ్చు. ఆటు సమయంలో వెళితే బురదలోంచి పైకి పొడుచుకు వచ్చిన వేర్లు కనిపిస్తాయి. తరువాత తాళ్ళరేవులో కూడా ఆగండి. కోరంగి ఓడల పనివాళ్ళ విద్య ఇంకా అక్కడ ఉంది. ఏటి ఒడ్డున చెక్క పడవలు కడుతూ ఉంటారు, పనికి అడ్డం రాకుండా నిలబడితే చూడనిస్తారు.