బైపాస్ తర్వాత మొదటి నెలలో ఏది మామూలు, ఏది ప్రమాదం?

హైదరాబాద్‌లో గుండె బైపాస్ ఆపరేషన్ అయి నల్గొండకు వచ్చిన మీ నాన్నగారికి మొదటి నెలలో ఏం రావచ్చని అడిగారు. ముందే తేదీ పెట్టుకుని చేసిన ఆపరేషన్‌లో 30 రోజుల లోపు ప్రాణం పోయేది సాధారణంగా నూటికి 1–2 మందికి. గుండె పంపింగ్ తగ్గినా, కిడ్నీలు దెబ్బతిన్నా, ఎమర్జెన్సీగా చేసినా ఈ లెక్క పెరుగుతుంది.

ఎక్కువమందిలో కనిపించేది గుండె లయ తప్పడం. నూటికి 20–40 మందికి, చాలావరకు ఆపరేషన్ అయిన 2–4 రోజుల మధ్య, ఆసుపత్రిలో ఉండగానే వస్తుంది. ఇంటికొచ్చాక దడ మొదలైతే ఈసీజీ తీయించండి.

అసలు కన్నేసి ఉంచాల్సింది రొమ్ము ఎముక మీద. ఆపరేషన్‌లో కోసి, మళ్లీ తీగతో బిగించిన ఆ ఎముక అతకడానికి 6–8 వారాలు పడుతుంది. అందాక నీళ్ల బిందె, బియ్యం సంచి ఎత్తొద్దు, బండి నడపొద్దు (మనవాళ్లు వినేది తక్కువే). దగ్గొస్తే దిండును ఛాతీకి హత్తుకోవాలి. కదిలినప్పుడు ఎముక టక్కుమన్నా, గాయం నుంచి రసి కారినా, జ్వరమొచ్చినా అదే రోజు సర్జన్‌కు చూపించాలి. షుగరున్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ.

బైపాస్‌లో వేయడానికి నరం (రక్తనాళం) తీసిన కాలు కొన్ని వారాలు వాస్తుంది, ఎత్తు మీద పెట్టుకుంటే తగ్గుతుంది. రోజూ పొద్దున బరువు చూడండి. రెండు రోజుల్లో 2 కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని డాక్టరుకు ఫోన్ చేయండి. ఆస్పిరిన్ మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపొద్దు, వేసిన కొత్త నాళం మూసుకుపోవచ్చు.