ఆఫీసులో 5కె రన్‌కి పేరు ఇమ్మంటున్నారు.. షుగర్, బీపీ ఉన్నాయి, పరిగెత్తొచ్చా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాను. అకౌంట్స్ ఉద్యోగం, రోజంతా కుర్చీలోనే. బరువు 84 కిలోలు. రెండేళ్లుగా షుగర్, బీపీకి మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ వాడుతున్నాను. ఒలింపిక్స్ చూసినప్పుడల్లా హుషారొచ్చి పరుగు మొదలుపెడతాను. పది రోజులు తిరక్కుండానే మోకాలి కింద ముందు ఎముక వెంట నొప్పి వచ్చి మానేస్తాను. ఇప్పుడు ఆఫీసులో 5కె రన్‌కి పేరు ఇమ్మంటున్నారు. ఇంకా పది వారాలుంది. ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వండి. కింద చెప్పిన పరీక్షల్లో ఇబ్బందేమీ లేకపోతే పది వారాలు చాలు. ఆ రోజు సగం దూరం నడిచినా తప్పేం లేదు.

ఒలింపిక్స్ హుషారు నిలవకపోతే బద్ధకమని మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. 2021లో టోక్యోలో నీరజ్ చోప్రా ఈటెను 87.58 మీటర్లు విసిరితే దేశమంతా పొంగిపోయింది. పిల్లలకు అలాంటి గెలుపు దారి చూపిస్తుంది. నలభై దాటి ఒళ్లు బరువెక్కినవాళ్లు రేపు పొద్దున ఎక్కడికెళ్లి ఏం చేయాలో మాత్రం అది చెప్పదు. కొత్త తరాన్ని ఆటల్లోకి తెస్తామన్న హామీతో లండన్ 2012 ఒలింపిక్స్ తెచ్చుకుంది. కానీ అప్పటి ఊపు తర్వాత నిలవలేదు. అదే లండన్‌లో బుషీ పార్కులో 2004 అక్టోబరు 2న 13 మంది పరుగుతో మొదలైన పార్క్‌రన్ మాత్రం ఎన్నో దేశాలకు పాకింది. ప్రతి శనివారం ఉదయం 5 కిలోమీటర్లు, పైసా ఫీజు లేదు. ఒక వాలంటీరు అందరికన్నా వెనక నడుస్తూ వస్తారు. కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లకు ఆఖరున మిగిలిపోతామన్న బెరుకు ఉండదు. నాకు అందులో బాగా నచ్చింది ఈ ఏర్పాటే. అసలు కదలని మనిషి వారానికి 150 నిమిషాల చురుకైన నడకకు వస్తే ఆరోగ్యానికి జరిగే మేలు, బాగా పరిగెత్తేవాళ్లు తమ పరుగు టైమును ఇంకో నాలుగు నిమిషాలు తగ్గించుకుంటే జరిగే మేలు కంటే చాలా ఎక్కువ.

ఏడాదికోసారి టీషర్టు, మెడల్ ఇచ్చే రన్ ఒక్కటే ఉంటే అదీ ఒలింపిక్స్ హుషారులాగే కరిగిపోతుంది. అందుకే ఆఫీసులో మరో నలుగురిని కలుపుకోండి. ఆదివారం ఉదయం 5:45కి ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం దగ్గర అని ఒక మాట అనుకోండి. అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ల వేగమే అందరి వేగం కావాలి. ప్రకాశం బ్యారేజీ సుమారు 1.2 కిలోమీటర్లు, రెండుసార్లు వెళ్లొస్తే దాదాపు 5 కిలోమీటర్లవుతుంది. దూరం అంచనాకే చెబుతున్నాను, బండ్ల మధ్య ప్రాక్టీసు వద్దు.

ఇక మీ కాలి నొప్పి. పరుగు మొదలెట్టిన రెండు మూడు వారాలకే గుండె, ఊపిరితిత్తులు అలవాటు పడతాయి. ఎముకలకు, కండర బంధనాలకు నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని దూరం పెంచితే ఆ భారం ఎముక మీద పడుతుంది. ఎముక లోపలి అంచు వెంట వేలితో నొక్కుతూ రండి. జానెడు మేర అంతటా నొప్పిగా ఉంటే షిన్ స్ప్లింట్స్ (పరుగు భారంతో ఎముక అంచు వెంట వచ్చే నొప్పి) కావచ్చు. విశ్రాంతి, ఐస్, తర్వాత మెల్లగా మళ్లీ మొదలుపెట్టడంతో తగ్గుతుంది. ఒక్క చోటే, వేలి కొనంత మేర ప్రాణం పోయేలా నొప్పి ఉన్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతున్నా ఎముకలో సన్నటి చీలిక ఉండొచ్చు. అప్పుడు పరుగు ఆపేసి ఎముకల డాక్టరుకు చూపించండి. మొదట్లో ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు.

మొదటి మూడు వారాలు నడకే. వారానికి ఐదు రోజులు, రోజుకు 30 నిమిషాలు, మాట్లాడగలిగేలా, పాట మాత్రం పాడలేనంత వేగంగా. నాలుగో వారం నుంచి రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు: పది నిమిషాల నడక, తర్వాత ఒక నిమిషం మెల్లటి పరుగు, రెండు నిమిషాల నడక.. ఇలా ఆరుసార్లు, చివర ఐదు నిమిషాల నడక. మిగతా రోజుల్లో నడక మామూలే. వారానికి అర నిమిషం చొప్పున పరుగు పెంచితే ఎనిమిదో వారానికి మూడు నిమిషాలకు చేరతారు. తొమ్మిదో వారం అలాగే ఉంచి, పదో వారం సగానికి తగ్గించండి. నొప్పి వస్తే ఒక వారం వెనక్కి వెళ్లండి. షూ సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి.

పరుగుకు ముందు బీపీ, ఈసీజీ, కంటి రెటీనా, పాదాల స్పర్శ పరీక్షలు చేయించుకోండి. బీపీ 160/100 దాటితే అది తగ్గేదాకా పరుగు వద్దు. రెటీనాలో రక్తస్రావం ఉన్నా, పాదాలు మొద్దుబారినా ముందు చికిత్స. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65లోపు గుండెజబ్బు వచ్చి ఉంటే, మీరు సిగరెట్ తాగుతుంటే ఆ విషయం డాక్టరుకు తప్పక చెప్పండి. ట్రెడ్‌మిల్ టెస్ట్ అవసరమో కాదో ఆయన తేలుస్తారు.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ బాగా పడిపోవడం అరుదు. చాలామందికి షుగర్‌ను మరీ తగ్గించేయగల గ్లిమెపిరైడ్ కూడా కలిసి ఒకే మాత్రలో వస్తుంది, స్ట్రిప్ మీద చూసుకోండి. అది ఉంటే బయల్దేరే ముందు షుగర్ చూసుకుని, 90 కంటే తక్కువైతే ఒక అరటిపండు తినండి, జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి. జ్వరం, విరేచనాలు ఉన్న రోజు పరుగు మానండి. టెల్మిసార్టాన్ వాడేవాళ్లకు ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీల మీద ఒత్తిడి పడుతుంది. మన ఎండాకాలంలో ఆరున్నరకల్లా ముగించేయండి. దాహం వేసినంత తాగితే చాలు, లీటర్లకు లీటర్లు పట్టించొద్దు.

ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం, ఎన్నడూ లేనంత ఆయాసం.. వీటిలో ఏది వచ్చినా గ్యాస్ అని సర్దుకోకుండా అక్కడే ఆగి కూర్చోండి, పక్కనున్నవాళ్లతో 108కి ఫోన్ చేయించండి.