డోర్ ప్యాడ్ కొయ్యకముందు

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. కారు డోరుకి లోపలి వైపుండే ప్యాడ్ మీద స్పీకర్ల కోసం మార్కర్‌తో రెండు గుండ్రాలు గీసి, పక్కన జిగ్‌సా (కరెంటు రంపం) పెట్టి, "కోసెయ్యనా మావయ్యా?" అని అడిగావు. వద్దు. ముందు జిగ్‌సా ప్లగ్గు పీకు. గిరాకీ గుణుపురం మనిషే కదా, రెండు రోజులు ఆగుతాడు. ఫోన్లో చెబితే నువ్వు ఊ కొట్టి మర్చిపోతావని ఇలా రాస్తున్నాను.

రాయగడలో షాపు పెట్టిన కొత్తలో నాకూ డోరంటే స్పీకరు బిగించుకునే డబ్బా అనే అనిపించేది. అసలు డోరు లోపల సగం తడి ఇల్లు. అద్దం పక్కన రబ్బరు ఎంత కొత్తదైనా వాననీళ్లు లోపలికి దిగుతూనే ఉంటాయి. అవి పోవడానికే డోరు కింది అంచున చిన్న చిన్న కన్నాలుంటాయి. ప్యాడ్ ఊడదీస్తే రేకు మీద అతికించిన పల్చటి ప్లాస్టిక్ షీటు కనబడుతుంది చూడు, అది ఆ తడి ప్యాడ్‌కి తగలకుండా అడ్డం. కుర్రాళ్లు దాన్ని పరపరా చింపేసి స్పీకరు బిగించేస్తారు. తర్వాత వానాకాలంలో కాళ్ల దగ్గర మ్యాట్ తడిసిందని గిరాకీ గొడవకొస్తాడు. 2018లో తిత్లీ తుపాను పోయాక నేను విప్పిన డోర్లలో కొన్నిటికి ఆ కన్నాలు ఒండ్రుతో పూడిపోయి, లోపల చెంబెడు నీళ్లు నిలిచి ఉన్నాయి. అందుకని ప్యాడ్ విప్పగానే నువ్వు చేసే మొదటి పని ఆ కన్నాల్లో సన్నటి తీగ పెట్టి తిప్పడం.

నా మొదటి తప్పు కూడా చెప్పాలి. ఒక జీపుకి 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌తో, అంటే చెక్కపొడి నొక్కి చేసే పలకతో, స్పీకరుకీ రేకుకీ మధ్య పెట్టే ముచ్చటైన రింగులు కోసి బిగించాను. రంగు లేదు, పూస్తే గట్టిపడే రెజిన్ జిగురూ లేదు. రెండు వానాకాలాలు గడిచాక విప్పితే రింగు నానిన అటుకుల్లా ఉబ్బిపోయి ఉంది. స్క్రూలు వేలితో లాగితే వచ్చేశాయి. గిరాకీ పెద్దమనిషి, ఏమీ అనలేదు. అంటేనే బాగుండేది. అప్పట్నుంచి డోరులోకి వెళ్లే రింగుకి పీవీసీ షీటో, గట్టి ప్లాస్టిక్ షీటో, మెరైన్ ప్లైవుడ్డో వాడుతున్నాను. ఎండీఎఫ్ తప్ప దొరక్కపోతే కోసిన అంచులతో సహా రెజిన్ రెండు పూతలు పట్టించు. నీళ్లు ముందుగా పీల్చేది ఆ కోసిన అంచే. స్క్రూలు స్టెయిన్‌లెస్‌వి వాడు. రేకుకి కొత్తగా కన్నం వేస్తే ఆ అంచుకి ప్రైమర్ రాయకుండా వదలకు.

ఇక అద్దం. పనంతా చెడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదువు. స్పీకరు లోతు పెట్టె మీద రాసి ఉంటుంది, 65 మిల్లీమీటర్లు అనుకో. అద్దం పూర్తిగా దించి, స్పీకరు కూర్చునే రేకు నుంచి అద్దం దాకా స్కేలు పెట్టి కొలువు. 58 వచ్చిందనుకో. 7 తక్కువ. దానికి కనీసం 6 ఖాళీ కలుపు, 13. అంటే 12 మిల్లీమీటర్ల మందం రింగు చాలదు, 18ది వెయ్యాలి. స్కేలు ఒక్కదాన్నీ నమ్మకు. అద్దం వంపు తిరిగి దిగుతుంది, దాన్ని మోసే ఇనప చెయ్యి కూడా అక్కడే తిరుగుతుంది. నేనైతే స్పీకరు రింగులో తాత్కాలికంగా బిగించి, స్పీకరు వెనకుండే అయస్కాంతం మీద చపాతీ పిండి ముద్ద అంటించి, అద్దం మెల్లగా కిందికీ పైకీ నడుపుతాను. ముద్ద నలిగిందా, రింగు మందం పెంచాల్సిందే. మీ అత్త దగ్గర పిండి అడిగితే ఇప్పటికీ నవ్వుతుంది.

ఈ పరీక్ష చెయ్యకుండా ఒకసారి కారు ఇచ్చేశాను. ఆయన కోరాపుట్ వెళ్తూ ఘాటీలో చల్లగాలి కోసం అద్దం మొత్తం దించాడు, అంచు పోయి అయస్కాంతానికి కొట్టుకుంది. డోరు అద్దం టఫెన్డ్ గ్లాసు. నడిమధ్యలో గుద్దినా ఓర్చుకుంటుంది కానీ అంచున దెబ్బ తగిలితే మొత్తం పలుకులుగా రాలిపోతుంది. అలాగే రాలింది. కొత్త అద్దం ఖర్చు నాదే.

వెనక లోతు కుదిరిందని రింగు మందం పెంచుకుంటూ పోకు, ముందు ప్యాడ్ ఉంది. కోను, అంటే స్పీకరులో ఊగే గరాటు, గట్టిగా ఊగినప్పుడు దాని చుట్టూ ఉన్న రబ్బరు వెళ్లి ప్యాడ్ జాలీకి (గ్రిల్‌కి) తగిలితే చెవి దగ్గర దోమ మోగినట్టుంటుంది. అక్కడ కూడా వేలి మందం సందు వదులు.

"బేస్ దరకార్ భాయి" (గుండెల్లో దద్దరిల్లే బేస్ కావాలన్నా) అని మన దగ్గరికి వచ్చే గిరాకీలు అడిగేది ఒక్కటే. దానికి అందరూ పెద్ద స్పీకరు అమ్ముతారు. కారణం వేరే ఉంది. కోను ముందుకొచ్చినప్పుడు ముందు గాలి నెడుతుంది, వెనక గాలి లాగుతుంది. రేకులో అరచేతులంత కన్నాలుంటాయి కదా, వాటిలోంచి వెనక శబ్దం బయటికొచ్చి ముందు శబ్దంతో కలిస్తే బేస్ అక్కడికక్కడే చచ్చిపోతుంది. అందుకని స్పీకరు కన్నా ముందు ఆ కన్నాలకి డబ్బు ఖర్చు పెట్టించు. పెద్ద కన్నానికి అల్యూమినియం రేకు ముక్క కోసి స్క్రూలతో బిగించి, దాని మీద బ్యూటైల్ డ్యాంపింగ్ షీటు (రేకు అదురు తగ్గించే జిగురు రబ్బరు షీటు) వేసి రోలరుతో నొక్కు. వట్టి షీటే సాగదీసి అంటిస్తే ఎండకి జారి వేలాడుతుంది. స్క్రూలు ఎందుకంటే, రేపు విండో మోటరు పోతే మెకానిక్ ఆ రేకు విప్పుకోవాలి, నిన్ను తిట్టుకోకుండా. బయటి రేకుకి లోపలి వైపు, స్పీకరుకి సరిగ్గా ఎదురుగా, ఇంకో ముక్క వెయ్యి. కింది నీళ్ల కన్నాల మీదికి షీటు రానివ్వకు. స్పీకరుకీ రింగుకీ మధ్య, రింగుకీ రేకుకీ మధ్య ఫోమ్ టేపు పెట్టు. ఇంత చేస్తే మామూలు ఆరున్నర అంగుళాల సెట్టే కొత్తగా మోగుతుంది. నాలుగు డోర్లకి డబ్బు లేదంటే ముందు రెండు డోర్లే పూర్తిగా చేసి, వెనకవి వదిలెయ్యమను. నేను అలాగే చెబుతాను, గిరాకీలు కొంతమంది పక్క షాపుకి పోతారు. పోనీ.

ఇప్పుడు నువ్వు అడిగిన కస్టమ్ ప్యాడ్ సంగతి, అంటే స్పీకరుకి తగ్గట్టు ప్యాడ్ కోసి కట్టడం. నీకు ఫైబర్ పని మీద మోజు, నాకు తెలుసు. ప్యాడ్ వెనక తిప్పి చూడు, అది ఏ రకం ప్లాస్టికో చెప్పే పీపీ అనో ఏబీఎస్ అనో చిన్న అక్షరాలు అచ్చులో ఉంటాయి. ఏబీఎస్ అయితే రెజిన్ పట్టుకుంటుంది. పీపీ అయితే ఎంత గరుకుపట్టినా పట్టదు, కొన్నాళ్లకి పెచ్చులా ఊడుతుంది. పీపీ ప్యాడ్‌కి అడుగు రింగుని వెనక నుంచి స్క్రూలు, వాషర్లతో బిగించి, దాని మీదే స్పీకరు కూర్చునే ఉబ్బెత్తు గూడు కట్టు. సాగే గుడ్డ లాగి, రెజిన్ తాగించి, ఫైబర్ మ్యాట్ వేసి, పుట్టీ పెట్టి, ఇసుక కాగితం పట్టి, రెక్సిన్ తొడగడం నీకు వచ్చిన పనే. రెజిన్‌ని గట్టిపరిచే హార్డెనర్ మాత్రం మన మే నెల ఎండలో వంద పాళ్ల రెజిన్‌కి ఒక పాలు దాటించకు, డబ్బాలోనే ఉడికిపోతుంది. ఆ వాసన మంచిది కాదు, మాస్కు పెట్టుకుని షట్టరు ఎత్తి చెయ్యి.

కానీ ఒరిజినల్ గ్రిల్ వెనకే స్పీకరు పట్టే కారుకి ప్యాడ్ కొయ్యడం నాకు నచ్చదు. కోసిన ప్యాడ్ మళ్లీ అతకదు, అమ్మే రోజున కొనేవాడు అదే చూపించి రేటు తగ్గిస్తాడు. నువ్వు పంపిన ఫొటోలో గ్రిల్ ఉంది. మరి ఎందుకు గీశావు ఆ గుండ్రాలు?

ట్వీటరు, అంటే సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకరు, కాళ్ల దగ్గర పెడితే పాట కింది నుంచి వస్తున్నట్టుంటుంది. అద్దం మూల ఉండే మూడుమూలల ముక్కలో పెట్టి చూడు. ముందు అద్దం పక్క పిల్లరు మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే దాని జోలికి పోకు. కొన్ని కార్లలో పక్కనుంచి గుద్దితే కనిపెట్టడానికి డోరు లోపల గాలి ఒత్తిడి సెన్సరు ఉంటుంది, అలాంటి డోరు రేకు కొయ్యడం, మూయడం రెండూ వద్దు. ఏ కారైనా ముందు బ్యాటరీ నెగటివ్ విప్పాకే చెయ్యి పెట్టు. ట్వీటరుకీ పెద్ద స్పీకరుకీ స్వరాలు పంచే క్రాసోవర్ డబ్బా తడి వైపు వెయ్యకు. కంపెనీ వైరు కత్తిరించకు, దానికి సరిపడే కప్లరు (వైర్లు కలిపే ప్లగ్గు) కొనుక్కో. కొత్త వైరు డోరు నుంచి బాడీలోకి, ఆ రెంటి మధ్యా ఉండే రబ్బరు గొట్టం లోపలి నుంచే లాగు, బయట నుంచి లాగితే మడత దగ్గర తెగుతుంది. ప్లస్ మైనస్ అనుమానం వస్తే ఒకటిన్నర వోల్టుల సెల్ స్పీకరు రెండు కొసలకి ఒక్క క్షణం తాకించు, ప్లస్‌కి ప్లస్ తగిలితే కోను బయటికొస్తుంది. డ్రిల్లు వేసేటప్పుడు స్పీకరు దూరంగా, మూతపెట్టి ఉంచు. ఇనప పొడి అయస్కాంతం సందులోకి పోతే ఇక ఆ గరగర పోదు.

ప్యాడ్ మూసే ముందు బయట నుంచి అద్దం మీద నాలుగు మగ్గుల నీళ్లు పొయ్యి. కింద కన్నాల్లోంచి కారాలి, లోపలి వైపు ఒక్క చుక్క కనపడకూడదు.

నేను ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తాను. అప్పటికి ప్యాడ్ మాత్రం విప్పి ఉంచు. స్క్రూల్లో ఒకటి హ్యాండిల్ వెనక మూత కింద దాక్కుని ఉంటుంది, అది తీయకుండా లాగకు. క్లిప్పులు పది ఎక్కువ తెప్పించు. మా అక్కని పిండి కలిపి పెట్టమను.

మీ మావయ్య
రాయగడ