ప్యూఅర్ టీకి చేపల వాసన, చేదు: సమాధానం
కొత్త ప్యూఅర్ బిళ్ల (బిళ్లగా అదిమిన చైనా టీ ఆకు) చేపల వాసన వేస్తోంది, ఐదు నిమిషాలు మరిగిస్తే నల్లగా, చేదుగా దిగుతోంది అన్నారు. టీ పాడైపోయి ఉండదండీ. ఆ వాసన, ఆ రంగు చూస్తే మీది మాగబెట్టిన 'షౌ' రకం. చైనాలోని యునాన్‌లో ఆకును కుప్పపోసి, నీళ్లు చల్లి, పైన గుడ్డ కప్పి నెలన్నర, రెండు నెలలు పులియబెడతారు. 1973లో కున్‌మింగ్‌లో కుదిరిన పద్ధతి ఇది. ఆ కుప్ప వాసనే మీకు తగులుతోంది. బిళ్లను పొరలుగా విడదీసి, కాగితం సంచిలో వేసి, గాలాడే చోట రెండు మూడు వారాలు ఉంచండి. వంటింట్లో వద్దు, పోపు వాసనంతా పీల్చేసుకుంటుంది. ఫ్రిజ్ అసలే వద్దు.

ఇక చేదు సంగతి. ఆకును పొయ్యి మీద మరిగించకండి. 100 మి.లీ. నీటికి 5 గ్రాముల ఆకు చాలు. సలసల కాగిన నీళ్లు పోసి, 10 సెకన్లలో ఆ నీళ్లు పారబోయండి; గట్టి బిళ్లయితే రెండుసార్లు. తర్వాత మళ్లీ పోసి 10-15 సెకన్లకే వడకట్టాలి. ప్రతిసారీ కాస్త సమయం పెంచుతూ పోతే అదే ఆకు ఆరేడు సార్లు వస్తుంది. పాలు కలుపుతారా, మీ ఇష్టం, నేనైతే కలపను. ఆకు మీద పచ్చగానో నల్లగానో నూగులా బూజు కనిపిస్తే మాత్రం కడిగి వాడకండి, పారేయండి.