చెయ్యి వణుకుతుంటే మద్యం ఒక్కసారిగా మానకండి

ప్రశ్న: నా వయసు 37. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్‌గా పనిచేస్తున్నాను. ఇద్దరు పిల్లలు, అత్తగారు మాతోనే ఉంటారు. అమెరికా క్లయింట్లతో కాల్స్ ముగిసి, వంటింటి పని తెమిలేసరికి రాత్రి పదిన్నర దాటుతుంది. నిద్ర పడుతుందని ఒక గ్లాసు వైన్‌తో మొదలుపెట్టాను. ఇప్పుడు వాసన రాదని వోడ్కా తెప్పించుకుని, స్టీలు వాటర్ బాటిల్‌లో కలుపుకుని తాగుతున్నాను. క్వార్టర్ ఒక్క రాత్రికే అయిపోతోంది. ఈ మధ్య పొద్దున్నే పాపకు జడ వేస్తుంటే వేళ్లు వణుకుతున్నాయి. మావారు శనివారాలు స్నేహితులతో హాల్లోనే కూర్చుని తాగుతారు, ఎవరూ ఏమీ అనరు. నా సంగతి తెలిస్తే మాత్రం ఇంట్లో ఉండనిస్తారో లేదో! ఎవరికీ తెలియకుండా రేపటి నుంచి పూర్తిగా మానేద్దామనుకుంటున్నాను. మంచిదేనా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మానాలన్న నిర్ణయం మంచిదే కానీ, రేపటి నుంచి ఒక్కసారిగా, అదీ ఎవరికీ తెలియకుండా అన్నది వద్దు. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. 30 మిల్లీలీటర్లలో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది కనుక, రోజూ 60 గ్రాములు మీ ఒంట్లోకి వెళుతోంది. స్త్రీల శరీరంలో నీటి శాతం తక్కువ కావడం వల్ల, అంతే బరువున్న పురుషుడి కంటే మీ రక్తంలో దాని మోతాదు ఎక్కువగా చేరుతుంది. ఉదయం కనిపించే వణుకుకు థైరాయిడ్ వంటి వేరే కారణాలూ ఉండవచ్చు గానీ, రాత్రి తాగినది దిగిపోతున్నప్పుడు నరాలు చేసే అల్లరే ఇది కావడానికి అవకాశం ఎక్కువ. ఈ స్థితికి వచ్చినవారు హఠాత్తుగా మానేస్తే కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత మతిభ్రమ కూడా రావచ్చు. అది ప్రాణాంతకం కాగలదు. అందుచేత మానకముందే మానసిక వైద్యుణ్ణి కలవండి. కొద్ది రోజులపాటు తగ్గించుకుంటూ పోయే మందులు, బి1 విటమిన్ ఇచ్చి వారు ఈ దశ దాటిస్తారు.

చాలామందికి ఈ చికిత్స ఇంటి దగ్గరే సాధ్యమవుతుంది, కానీ పక్కన విషయం తెలిసిన పెద్దవారు ఒకరుండాలి. ఆ ఒక్కరు మీ భర్తే కానక్కరలేదు, అక్కో చెల్లెలో అయినా చాలు. (వోడ్కా వాసన రాదన్నది భ్రమ, మీ ఇంట్లో ఎవరికో ఒకరికి ఇప్పటికే అనుమానం వచ్చి ఉండవచ్చు.) మీ భర్తకు చెప్పదలిస్తే డాక్టరు ఎదుట చెప్పడం మేలు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మద్యం వల్ల కలిగే మానసిక సమస్యలకూ వర్తిస్తుంది, రోగి వివరాలను గోప్యంగా ఉంచమంటుంది. కాబట్టి మీ ఆఫీసుకు తెలుస్తుందన్న భయం అక్కరలేదు.

నిద్ర కోసం మొదలైందన్నారు. మద్యం త్వరగా నిద్ర పట్టిస్తుంది, కానీ రాత్రి రెండో సగంలో దాన్ని చెడగొడుతుంది. తెల్లవారుజామున గుండెదడతో మెలకువ రావడం, మర్నాడు చిరాకు, ఆ చిరాకు తగ్గడానికి మళ్లీ అదే సీసా. అయితే మీ అలసటకు అసలు కారణం సీసాలో లేదు. 2019 నాటి జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. పదిన్నర తర్వాతి ఆ కాస్త సమయమే మీది అని మీరు అనుకుంటున్నారు, నిజమే. కనుక రాత్రి వంటిల్లు సర్దడం, పిల్లల్ని పడుకోబెట్టడం మీ భర్త చేతికి పూర్తిగా అప్పగించండి. ‘సాయం చేయండి’ అని అడగకండి, అది ఆయన పని కూడా. హాల్లో శనివారం కూర్చోవడం కొన్ని నెలలైనా ఆగాలి, ఇంట్లో సీసా ఉండకూడదు.

ఒక్క హెచ్చరిక. ‘మందు మాన్పించే మాత్ర’ అని ఎవరైనా ఇస్తే డాక్టరు చూడకుండా వేసుకోకండి. అలాంటి మాత్రల్లో ఒకటైన డైసల్ఫిరామ్ వేసుకున్నాక మద్యం తాగితే తీవ్రమైన రియాక్షన్ వస్తుంది. కొన్ని ఇళ్లలో దాన్ని చెప్పకుండా కూరలో కలిపేస్తుంటారు, అది మరీ ప్రమాదం. డాక్టరును కలిసేలోపు మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఫిట్స్ వచ్చినా, మాట తడబడి అయోమయంగా ఉన్నా మాత్రం ఫోన్లతో ఆలస్యం చేయకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి.