ప్రీ-అప్రూవల్ వచ్చింది, అడ్వాన్స్ ఇచ్చేయొచ్చా?

ప్రశ్న: నేనూ మా ఆవిడా ఉద్యోగాలు చేస్తున్నాం. ఇద్దరి ఆదాయం మీద బ్యాంకు హోమ్ లోన్‌కి ప్రీ-అప్రూవల్ లెటర్ ఇచ్చింది. ఒక ఇల్లు బాగా నచ్చింది, వెంటనే అడ్వాన్స్ ఇవ్వమని ఓనరు తొందర పెడుతున్నారు. లెటర్ ఉంది కాబట్టి లోన్ ఖాయమేనా? ఈలోగా కారు కూడా ఈఎంఐల మీద తీసుకుందామనుకుంటున్నాం.

జవాబు: అడ్వాన్స్ ఇప్పుడే ఇవ్వకండి. కారు సంగతి ఇల్లు మీ చేతికొచ్చాక చూద్దాం.

బ్యాంకు ఇప్పటిదాకా చూసింది మిమ్మల్నే. మీ జీతాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాత అప్పులు, క్రెడిట్ స్కోరు చూసి ‘వీళ్లకి ఇంతవరకు ఇవ్వొచ్చు’ అనుకుంది. ఇంటిని మాత్రం ఇంకా చూడలేదు. కాగితాల్లో లొసుగులు ఉన్నా, ఆ ఇల్లు అప్పటికే వేరేచోట తాకట్టులో ఉన్నా మీ అర్హత ఎంత బాగున్నా లోన్ ఆగిపోవచ్చు. మీ లెటర్ ఒకసారి తీసి చదవండి. ఎంతకాలం చెల్లుతుందో, ఏ షరతుల మీద ఇచ్చారో అందులో ఉంటుంది. గడువు సాధారణంగా కొన్ని నెలలే. అసలు మీ జీతం, బ్యాంకు కాగితాలేవీ తీసుకోకుండా, ఫోన్లో జీతమెంతో అడిగి ఇచ్చిన లెటరైతే దాన్ని నమ్ముకుని బేరానికి కూర్చోవద్దు.

చాలామంది పట్టించుకోనిది వాల్యుయేషన్, అంటే బ్యాంకు ఆ ఇంటికి కట్టే విలువ. ఓనరు చెప్పిన ధర 100 అనుకుందాం. బ్యాంకు 80 శాతం ఇస్తుందన్న లెక్కతో మీరు 20 సిద్ధం చేసుకున్నారు. తీరా బ్యాంకు మనిషి వచ్చి చూసి ఇంటి విలువ 90 అని రాస్తే, మామూలుగా ఆ 90 మీదే 80 శాతం లెక్క కడతారు. అంటే 72. మిగిలిన 28 మీ జేబులోంచే పోవాలి. అడ్వాన్స్ ఇచ్చేశాక ఈ సంగతి తెలిస్తే, ఆ 8 కోసం ఎక్కువ వడ్డీకి ఎక్కడో అప్పు తేవాల్సి వస్తుంది. నాకు భయం అక్కడే.

ఇక కారు. మీ నెల ఆదాయం 100, ఈఎంఐలన్నీ కలిపి 40 దాటకూడదని బ్యాంకు పెట్టుకున్న హద్దు అనుకోండి. పాత అప్పులకి 10 పోతే ఇంటికి 30 మిగులుతుంది. కారుకి 8 కట్టారంటే అది 22కి దిగుతుంది. వడ్డీ, గడువు మారకపోయినా వచ్చే లోన్ పావు వంతుకు పైగా తగ్గిపోతుంది. చివరి మంజూరుకు ముందు బ్యాంకు మీ క్రెడిట్ రిపోర్టు మళ్లీ తీయొచ్చు, అప్పుడు కొత్త అప్పు కనిపిస్తుంది. ఉద్యోగం మారడం కూడా కొన్నాళ్లు వాయిదా వేసుకోండి, ఇద్దరూ.

వడ్డీ రేటు కూడా ఖాయమైందనుకోకండి. రేటు ఫలానా తేదీ వరకు మారదని రాతపూర్వకంగా ఇస్తే తప్ప, లోన్ ఇచ్చే రోజున ఉన్న రేటే వర్తించొచ్చు. 20 ఏళ్ల లోన్‌కి వడ్డీ 8 నుంచి 9 శాతానికి పెరిగితే ఈఎంఐ సుమారు ఏడున్నర శాతం పెరుగుతుంది.

లెటర్‌లో ఉన్నంతా తీసుకోవాలని కూడా లేదు. బ్యాంకు మీ అప్పులు చూస్తుంది గానీ పిల్లల ఫీజులు, పెద్దవాళ్ల మందుల ఖర్చు చూడదు. ఇద్దరి జీతాల మీద లెక్కేసిన ఈఎంఐని ఒక్క జీతంతో ఆరు నెలలైనా లాగగలరా? లాగలేరంటే ఇంకాస్త చిన్న ఇల్లు చూడమంటాను.

ఓనరుతో ఇలా అనండి: ‘లెటర్ చూడండి, మేం గట్టిగానే ఉన్నాం. కాగితాలు ఇవ్వండి, లాయరుకీ బ్యాంకుకీ చూపిస్తాం.’ కొనేవాళ్లు నిజంగా కొనగలరని చూపించడానికి ఆ లెటర్ బాగా పనికొస్తుంది. అయినా ఆగనంటే కొద్ది మొత్తమే ఇచ్చి, బ్యాంకు లోన్ ఇవ్వకపోయినా, ఇంటి విలువ తక్కువ కట్టినా ఆ డబ్బు ఫలానా తేదీలోగా పూర్తిగా తిరిగివ్వాలని అగ్రిమెంటులో రాయించండి. అలా రాయడానికి ఒప్పుకోకపోతే ఆ ఇల్లు వదిలేయండి.